నైరుతి తలుపు

ఫిబ్రవరి 4, 2025

ఈ డైరీ ప్రసూన కొనిచ్చింది. రిటైరయ్యాక నాకు కోపం ఎక్కువైందట. దాన్ని కాగితం మీద కక్కేస్తే ఇంట్లో గిన్నెలు మిగులుతాయట. భార్య చెప్పిన వైద్యం కాబట్టి పనిచేయదని తెలిసే మొదలుపెడుతున్నాను.

ఇవాళ మా ఊరు కొత్తమల్లంపూడి నుంచి కిరీటి వచ్చాడు. ప్రెసిడెంటు వెంకటకృష్ణారావు గారి మనవడు. నలభై ఏళ్ళుంటాయి, మంచి మాటకారి. వాళ్ళ మేడకు మరమ్మతులు చేయించి, పట్నం జనం వచ్చి రెండు రోజులు ఉండి ఫొటోలు దిగి పోయే హోటలుగా మారుస్తున్నాడు. ఉగాదికి ప్రారంభం. ఆ మేడ చరిత్ర, కట్టడం వివరాలు నేనొక చిన్న పుస్తకంగా రాయాలి.

"పాలిటెక్నిక్‌లో ముప్ఫయ్యేళ్ళు సివిల్ చెప్పారు. పైగా మన ఊరి సిద్ధాంతి గారబ్బాయి. మీకంటే ఎవరికి తెలుసండీ మాస్టారూ" అన్నాడు. పొగడ్తకు పడని మనిషిని నేనింతవరకు చూడలేదు, అద్దంలో కూడా. సరేనన్నాను.

ఫిబ్రవరి 7

బెజవాడ నుంచి కూచిపూడి దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. మేడ కొలవడం మొదలుపెట్టాను.

1938లో కట్టారు. గోడలు ఇరవై రెండు అంగుళాల మందం, గానుగ సున్నం. దూలాల మీద సన్న ఇటుకలు పేర్చి సున్నం పోసిన మద్రాసు టెర్రస్ కప్పు. పన్నెండు రంగూన్ టేకు స్తంభాలు. సున్నంలో కోడిగుడ్డు సొన కలిపి నునుపు చేసిన లోపలి గోడలు ఇప్పటికీ చెంప ఆనిస్తే చల్లగా ఉన్నాయి. ఆనించాను, ఎవరూ చూడలేదు.

వీధివైపు ఎత్తరుగు, దాని వెనక హాలు. 1956 నుంచి ముప్ఫయ్యేళ్ళు వెంకటకృష్ణారావు గారే ప్రెసిడెంటు కాబట్టి పంచాయతీ ఆఫీసు కూడా ఆ హాలే. విడిగా ఆఫీసు కట్టాలని ఎవరికీ తోచలేదు. జనన మరణాలు, నీటి వంతులు, తగాదాలు, అన్నీ ఆయన పడక్కుర్చీ ముందే తేలేవి. వార్డు మెంబర్లకు 'గ్రా.పం.' అని తెల్లరంగుతో రాసిన చెక్క కుర్చీలుండేవి. ఊరవతల పేట నుంచి గెలిచిన మెంబరు మాత్రం గుమ్మం పక్కన నేల మీద కూర్చునేవాడు. అలా ఉండాలని రూలేమీ లేదు, కుర్చీ వేసేవాళ్ళు లేరు. చిన్నప్పుడు నేను చూసి వింత పడలేదు. ఇవాళ హాలు పొడవు కొలుస్తుంటే గుర్తొచ్చింది. ఇరవై ఎనిమిది అడుగులు.

పదవి పోయి, మనిషి పోయి ఇన్నేళ్ళయినా ఊరికది ప్రెసిడెంటు గారి మేడే.

ఆయన భార్య రావమ్మగారికి ఎనభై ఎనిమిది. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు.

"సిద్ధాంతి గారబ్బాయివా? మీ నాయన మా ఇంటికి రాని రోజుండేది కాదయ్యా. తర్వాత రావడం మానేశాడు."

ఎందుకు మానేశారని నేనడగలేదు.

ఫిబ్రవరి 8

నడుం పట్టేసింది. ప్రసూన నవ్వింది. నవ్వనీ.

ఫిబ్రవరి 12

ఇంటి వెనక, నైరుతి మూల, ధాన్యం గది. అందులో ఒక తలుపును ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. కిరీటి ఆ తలుపు మళ్ళీ తెరిపించి అవతల బాత్రూములు కట్టిస్తాడట. పని చేస్తున్న తాపీమేస్త్రి మరియదాసు మా ఊరి పేటవాడే. నలభై ఎనిమిదేళ్ళు. చేతి వేళ్ళతో గోడను తట్టి వింటాడు, మా కాలేజీలో ఒక్క కుర్రాడికీ రాని విద్య.

"ఇది బోలుగా ఉందండి. రెండు వైపులా తొమ్మిదేసి అంగుళాలు కట్టి మధ్యలో నాలుగంగుళాలు వదిలేశారండి" అన్నాడు.

నిజమే. ఇల్లంతా సున్నం, ఇది ఒక్కటీ సిమెంటు. ఆదరాబాదరాగా కట్టిన పని, ఇటుక వరసలు తిన్నగా లేవు. తలుపు ఆరడుగులే కాబట్టి పరంజా అక్కర్లేదు, నేల మీద నిలబడే విప్పేస్తానన్నాడు.

రావమ్మగారిని అడిగితే "నైరుతి తలుపు కదయ్యా, వాస్తుకి మూశాం" అంది. బెజవాడ చుట్టుపక్కల ఇంటికో వాస్తు పిచ్చి ఉంది కనుక రాసుకున్నాను.

ఆ గదిలో మధ్య స్తంభానికి ఛాతీ ఎత్తున ఒక ఇనప కడియం ఉంది. ధాన్యం తూచే కాటా వేలాడదీయడానికని అన్నారు. కాటా అయితే పైన దూలానికి వేలాడాలి. రాసుకోలేదు.

ఫిబ్రవరి 15

నాన్న పంచాంగాలను అద్దాల బీరువాలో పెట్టి చూపిస్తానని కిరీటి అడిగాడు. అటక మీంచి దించాను. ఏడాదికొకటి, యాభై రెండున్నాయి.

ఊళ్ళో ఎవరింట్లో చావు జరిగినా మొదటి కబురు నాన్నకే వచ్చేది. నక్షత్రం చూసి దోషం ఉందో లేదో చెప్పాలి. చెప్పింది ఆ రోజు పక్కన అంచులో రాసుకునేవారు. ధనిష్ఠలో పోతే మరీ కష్టం. పోయినది ఏ ఇంట్లోనో ఆ ఇల్లు ఆరు నెలలు ఖాళీ చేయాలి, లేకపోతే అదే ఇంట్లో ఇంకో చావు. నమ్మేవాళ్ళకు కలెక్టరు ఉత్తర్వుకంటే అది పెద్దది.

1984, రక్తాక్షి నామ సంవత్సరం. చైత్ర బహుళ దశమి, బుధవారం పక్కన నాన్న దస్తూరీ:

'మ. 12-20. శౌరయ్య. ప్రె. గారింట, ధాన్యపు గది. ధనిష్ఠ మూడవ పాదం. గృహత్యాగం ఆరు మాసాలు. ఆ ద్వారం మూయవలెను.'

శౌరయ్య అనే పేరున్నవాళ్ళు ఆ రోజుల్లో పేటలో చాలామందే ఉండి ఉంటారు. ఆరోగ్యం బాగాలేక ఎవరో కూలీ పని మధ్యలో పోయి ఉంటాడు. ఎండలు కదా.

ఫిబ్రవరి 16

పొద్దున్నే ప్రసూన ఆ పంచాంగం తీసి చదివింది. "శౌరయ్య అంటే కాలవలో పడి పోయాడన్న మెంబరు కాదుటండీ?" అని అడిగింది. నా చేతిలోంచి ఇత్తడి చెంబు జారి ఆమె కనుబొమ మీద తగిలింది. రెండు కుట్లు. డాక్టరుకు తలుపు తగిలిందని చెప్పింది.

ఫిబ్రవరి 17

మొత్తానికి చెంబు సొట్టపడలేదు. పాతకాలపు ఇత్తడి.

ఫిబ్రవరి 20

రావమ్మగారితో రెండు గంటలు. పుస్తకం కోసమే. ఏయే ఏళ్ళలో మేడకు మరమ్మతులు జరిగాయో అడుగుతూ పోయాను.

"మధ్యలో ఒకసారి అందరం బెజవాడ గాంధీనగరంలో అద్దెకున్నాం. ఆరు నెలలు. మేడకి తాళం వేశాం" అంది.

"ఏ ఏడండీ?"

"మా చిన్నోడి కొడుకు, అదే ఈ కిరీటి, పుట్టే ముందేడు. ఎండాకాలం వెళ్ళి దీపావళి వెళ్ళాక వచ్చాం."

"ఎవరు పోయారండీ మీ ఇంట్లో?"

"ఎవరూ పోలేదు నాయనా" అంది. మళ్ళీ తనే, "ఇల్లు మాత్రం వదిలాం" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆరు నెలలు భుజాలు తడుముకున్నారు. పోలీసులకు అబద్ధం చెప్పినవాళ్ళు నక్షత్రానికి చెప్పలేకపోయారు. శౌరయ్య తాగి కాలవలో పడి పోయాడని రిపోర్టు. ఏప్రిల్ నెల, కాలవలు కట్టేసి ఉన్నాయి. మోకాలి లోతు నీళ్ళలో మనిషి మునిగాడంటే ఊరంతా ఒప్పుకుంది. నేనప్పటికి బెజవాడలో ఉద్యోగంలో చేరాను. నాన్న ఉత్తరం రాశారు: ఊళ్ళో విశేషాలేమీ లేవు, ఎండలు మెండు.

ఫిబ్రవరి 26

మధ్యాహ్నం మరియదాసు సున్నం గచ్చు మీద కూర్చుని అన్నం తింటుంటే పక్కన కూర్చున్నాను. వాళ్ళ నాన్న పేరడిగాను. తెలిసే అడిగాను.

"శౌరయ్యండి. పంచాయతీ మెంబరండి" అన్నాడు. అన్నం కలుపుతూనే మిగతాది చెప్పాడు. పేటకు ఇళ్ళ స్థలాలుగా ఇవ్వాల్సిన రెండెకరాలను పశువుల బీడని రాసి తీర్మానం చేశారు. శౌరయ్య సంతకం కావాలి. ఆ రోజు ఆయన నేల మీద కూర్చోలేదు. ఖాళీగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుని, సంతకం పెట్టనన్నాడు.

"మా అమ్మ చెప్పేదండి. ఒంటికి స్నానం చేయించినప్పుడు వీపంతా వాతలేనటండి. మునిగినోడికి వాతలెందుకుంటాయండి. అడగడానికి ఎవరున్నారండి అప్పుడు. నాకు ఏడేళ్ళు."

"ఇప్పుడేం కావాలి నీకు?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినపడింది.

"ఏం ఒద్దండి. ఈ అరుగు మీద నిలబడి ఎవరో ఒకరు, మా నాన్న కాలవలో పడలేదు, ఈ ఇంట్లో పోయాడని అంటే చాలండి. ఊరందరికీ తెలుసండి. ఎవరూ అనరండి."

పంచాంగం నా సంచిలోనే ఉంది. పెరుగన్నం చల్లగా ఉందా అని అడిగి లేచాను.

మార్చి 3

మరియదాసు పరంజా మీంచి పడ్డాడు. కుడి చెయ్యి విరిగింది.

మార్చి 4

స్టేషన్ నుంచి ఏఎస్సై వచ్చాడు. నేనక్కడే ఉన్నానని తెలిసి నా మాట రాసుకున్నాడు. పరంజా మీంచి పడ్డాడని చెప్పాను. "మీలాంటి పెద్దమనిషి చెప్పాక ఇంకేముందండీ" అని టీ తాగి వెళ్ళాడు.

మార్చి 6

పరంజా ఎత్తు ఎనిమిది అడుగులు. అంత ఎత్తు నుంచి పడితే చెయ్యి విరగవచ్చు. లెక్కకు కుదురుతుంది.

మార్చి 9

పుస్తకం పూర్తి చేశాను. నైరుతి గది గురించి ఇలా వచ్చింది: 'ధాన్యాగారానికి గల నైరుతి ద్వారం వాస్తురీత్యా మూసివేయబడి, ఇటీవలి పునరుద్ధరణలో తిరిగి తెరవబడినది. నాటి గృహనిర్మాణంలో శాస్త్రానికి గల స్థానానికి ఇది నిదర్శనం.'

బాగా వచ్చింది. 'బడి' రెండుసార్లు పడిన వాక్యంలో ఎవరు మూశారో, ఎవరు తెరిచారో చెప్పక్కర్లేదు. ముప్ఫయ్యేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం ఊరికే పోదు.

ప్రసూన చదివి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వారం నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. కనుబొమ మీద కుట్ల మచ్చ నల్లబడింది.

మార్చి 13

"మేస్త్రిని చూడ్డానికి మీరొస్తారా, నన్నొక్కదాన్నే వెళ్ళమంటారా?" అంది ప్రసూన. వెళ్ళాం.

మంచం మీద ఉన్నాడు. మణికట్టులో కడ్డీలు వేశారు. వేళ్ళు ఉబ్బి నల్లగా ఉన్నాయి. తాపీ పట్టుకోవడం కష్టమేనన్నారట డాక్టర్లు. నన్ను చూసి లేవబోయాడు. ఆ లేవబోవడం ఉంది చూడు, నన్ను తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

"ఏఎస్సై గారితో మీరన్నది విన్నానండి" అన్నాడు. అంతే. వాళ్ళావిడ మాకు రెండు కుర్చీలు వేసింది. కూర్చోవడానికి నాకు నిమిషం పట్టింది.

మార్చి 14

నిద్ర లేదు.

మార్చి 17

రాస్తాను. ఇది నేను తప్ప ఎవరూ చదవని పుస్తకం. ఇందులో కూడా అబద్ధం రాసుకున్నవాడిని ఏమనాలో నాకు తెలియడం లేదు.

పరంజా లేదు.

ఆ రోజు పదకొండింటికి మరియదాసు లోపలి వైపు ఇటుకలు విప్పాడు. మధ్యలో ఉన్న నాలుగంగుళాల సందులో చెక్క ముక్కలు నిలబెట్టి ఉన్నాయి. కుర్చీ కాళ్ళు, వీపు పలక, చెయ్యి ఆనించే కర్ర ఒకటి. పలక మీద తెల్లరంగుతో 'గ్రా.పం.' కొబ్బరి తాడు ముక్క, ముడి వేసినట్టే ఉంది. శవాన్ని ముట్టినవి ఇంట్లో ఉండకూడదు, వీధిన పారేస్తే పదిమందీ చూస్తారు. అందుకని గోడలో పెట్టారు. ఆ సలహా ఎవరిదై ఉంటుందో నాకు తెలుసు. శాస్త్రం తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే.

మరియదాసు మోకాళ్ళ మీద కూర్చుని తాడు తీశాడు. "ఇది గొడ్డును కట్టే ముడి కాదండి మాస్టారూ. గొడ్డుకైతే లాగితే వదులయ్యేట్టు కడతామండి" అన్నాడు. తర్వాత లేచి, నాతో గుమ్మం కొలిపించాడు. నేను టేపు పట్టుకున్నాను, చివర అతను పట్టుకున్నాడు. అలాంటప్పుడు కూడా మేమిద్దరం కొలతలే తీస్తున్నాం.

కిరీటి ఇద్దరు మనుషులతో వచ్చాడు. "ఏంటీ చెత్త, అవతల పడెయ్" అన్నాడు.

"మా నాన్న కూర్చున్న కుర్చీ అండి ఇది" అన్నాడు మరియదాసు.

"ఎవడ్రా మీ నాన్న?"

"శౌరయ్యండి. మీ తాత ఇక్కడ కట్టేసి చంపాడండి."

'మీ తాతగారు' అనలేదు. కిరీటి మొహంలో రంగు మారింది ఆ 'గారు' లేని చోటే. గోడకు ఆనించిన గునపం తీసుకున్నాడు. మనుషులిద్దరూ మరియదాసు చేతిని గోడకు అదిమి పట్టారు, అదే కోడిగుడ్డు సొన గోడకు. మొదటి దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. రెండో దెబ్బకు అతను అరిచాడు. "తాపీ పట్టే చెయ్యి ఇదేగా" అని అడిగి మూడోది వేశాడు. అడిగాడు, నిజంగా, కొట్టాల్సిన చెయ్యి సరిచూసుకోవడానికి అడిగినట్టు. నెత్తురు గోడ మీద పడి నున్నగా కిందికి జారింది, గోడ పీల్చుకోలేదు. అంత మంచి పనితనం.

వాళ్ళు పట్టుకోగానే మరియదాసు చేతిలోని టేపు కొస జారి, సర్రున వెనక్కొచ్చి నా చూపుడువేలు కోసింది. మనిషిని కొడుతున్నంతసేపూ నేను ఆ వేలు చూసుకుంటూ నిలబడ్డాను. చిన్న గాటు. నోట్లో పెట్టుకున్నాను.

కిరీటి గునపం పక్కన పెట్టి, ఆయాసపడుతూ, ఎప్పటిలాగే మర్యాదగా అన్నాడు: "మాస్టారూ, పరంజా మీంచి పడ్డాడండీ. చూశారుగా."

"చూశాను" అన్నాను.

నాన్న కూడా అలాగే అని ఉంటారు. ఆయన మధ్యాహ్నం పన్నెండున్నరకు పంచాంగం చంకలో పెట్టుకుని ఆ గదిలోకి వెళ్ళి, కడియానికి వేలాడుతున్న మనిషిని చూసి, వేళ్ళ మీద లెక్క వేసి ధనిష్ఠ అని ఉంటారు. తిలా పాపం తలా పిడికెడు. మా ఇంటి పిడికిలి చిన్నదేమీ కాదు.

ఒక్కటి అదనంగా. ఫిబ్రవరి 16న చెంబు జారలేదు. విసిరాను.

మార్చి 22

కిరీటి ఇంటికొచ్చాడు, స్వీట్ల పెట్టెతో. హాలు పక్క గదిలో గ్రంథాలయం పెట్టి నాన్న పేరు రాయిస్తాడట, 'సిద్ధాంతి గారి గ్రంథాలయం' అని ఇత్తడి అక్షరాలతో. ఉగాది నాడు అరుగు మీద పంచాంగ శ్రవణం నా చేతే.

"ఆ పాత పంచాంగాలు ఇంకా ఇవ్వలేదండీ మీరు. అన్నీ ఉన్నాయా?" అన్నాడు.

"ఉన్నాయి."

"1984దీ?"

ఎలా తెలిసిందో. రావమ్మగారు నా ప్రశ్నల గురించి చెప్పి ఉంటుంది.

"అది పట్టుకొచ్చి నా చేతికే ఇవ్వండి మాస్టారూ. మీరు ఈ వయసులో మెట్లెక్కి దిగుతుంటారు, మేడంగారు ఒక్కరే ఉంటారు ఇంట్లో. జాగ్రత్త" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ప్రసూన కాఫీ పట్టుకుని గుమ్మంలో ఉంది. గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టింది, కాఫీ తొణికి అతని తెల్ల చొక్కా మీద పడింది. జారిందండీ అంది.

ఆమె చేతిలోంచి ఇన్నేళ్ళలో ఏదీ జారడం నేను చూడలేదు.

మార్చి 25

పిరికివాడిని. ఇది తిట్టు కాదు, కొలత.

మార్చి 28

పంచాంగం ఇచ్చేస్తే సరిపోతుంది. నాన్న పోయి పాతికేళ్ళు. చచ్చినాయన పేరు చెడగొట్టడం నాకెందుకు? శౌరయ్య తిరిగిరాడు. మరియదాసు చెయ్యి తిరిగిరాదు. ఇత్తడి అక్షరాలు మాత్రం వస్తాయి.

ఇది రాసి చదువుకుని, పేజీ చింపబోయి ఆగాను.

మార్చి 29

పంచాంగం సంచిలో కనపడలేదు. ఒళ్ళు మండిపోయి ప్రసూన మీద అరిచాను. చెయ్యి కూడా లేచింది. ఆమె కదల్లేదు, కళ్ళు మూసుకోలేదు. చీర కొంగు కింది నుంచి పంచాంగం తీసి నా చేతిలో పెట్టింది.

"జిరాక్సు తీయించాను. మేస్త్రికి ఒకటి పంపాను. అసలు మీ దగ్గరే ఉండనీండి. రేపు మీరేం చదువుతారో మీ ఇష్టం" అంది.

లేచిన చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక గోడకు ఆనించాను.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిన్నాను. వేపపువ్వు ఎక్కువ వేసింది. రెండు పంచాంగాలు సంచిలో ఉన్నాయి. ఏడున్నరకు కారు పంపుతానన్నాడు. ప్రసూన కూడా వస్తానంటోంది. వద్దన్నాను, చీర మార్చుకుంటోంది.

ఏప్రిల్ 3

ఆసుపత్రి మంచం మీద రాస్తున్నాను. ముందు పళ్ళు నాలుగు లేవు, పక్కటెముకలు రెండు విరిగాయి. చెయ్యి బాగానే ఉంది, రాసుకోవచ్చు. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఈసారి పెన్ను పట్టిన మొదటి రోజే.

అరుగు మీద షామియానా, పూలు, మైకు. ముందు వరసల్లో ఊరి పెద్దలు, బెజవాడ నుంచి వచ్చిన అతిథులు. రావమ్మగారికి గుమ్మం పక్కన పడక్కుర్చీ. గేటు అవతల పేటవాళ్ళు నిలబడ్డారు. మధ్యలో మరియదాసు, మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి.

విశ్వావసు సంవత్సర ఫలాలు చదివాను. రాశివారీగా ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. జనం తమ రాశి వచ్చినప్పుడు నవ్వుకున్నారు. అయిపోయాక కిరీటి చప్పట్లు మొదలుపెట్టాడు. నేను రెండో పంచాంగం తీశాను.

"ఇప్పుడు రక్తాక్షి నామ సంవత్సరం" అన్నాను. వేళాకోళం అనుకుని కొందరు నవ్వారు.

చైత్ర బహుళ దశమి పక్కన ఉన్నది ఉన్నట్టు చదివాను. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. శౌరయ్య. ప్రెసిడెంటు గారింట. ధాన్యపు గది. ధనిష్ఠ. ఆరు మాసాలు. ఆ ద్వారం మూయవలెను.

"రాసింది మా నాన్న. శౌరయ్య కాలవలో పడలేదు. కుర్చీలో కూర్చున్నందుకు, సంతకం పెట్టనన్నందుకు ఈ ఇంట్లో స్తంభానికి కట్టి కొట్టి చంపారు. మా నాన్న చూసి, నక్షత్రం చెప్పి, నోరు మూసుకున్నాడు. ఆ ఏడు ఈ ఇంట్లో ఎవరూ పోలేదని ఇంటివాళ్ళే అంటారు. మరి ఎవరి కోసం ఆరు నెలలు ఇల్లు వదిలారు?"

అప్పుడు పడక్కుర్చీలోంచి రావమ్మగారు, చెవుడున్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అంది: "శౌరిగాడి కోసం. పిల్లలకి దోషం తగలకూడదని."

కిరీటి ముందు పంచాంగం లాక్కుని చింపాడు. తర్వాత మైకు లాక్కుని దానితోనే నా మూతి మీద కొట్టాడు. మైకు ఆన్‌లోనే ఉంది. నా పళ్ళు విరిగిన చప్పుడు ఊరంతా విన్నదట, కాలవ గట్టు దాకా. కింద పడ్డాక అతని మనుషులు తన్నారు. ప్రసూన నా మీద పడింది. పేటవాళ్ళు గేటు తోసుకుని వచ్చారు, అరుగు ఎక్కారు. ఒకరి తల పగిలింది, షామియానా కూలింది. నాకు చివర కనిపించింది, మరియదాసు ఎడం చేత్తో కిరీటి చొక్కా పట్టుకుని ఉండడం. కొట్టలేదు. పట్టుకుని నిలబడ్డాడు, అంతే.

ఇవాళ పొద్దున అదే ఏఎస్సై వచ్చాడు. కాగితం తీశాడు. ఈసారి టీ లేదు.

"ఆ గలాటాలో అరుగు మీంచి పడ్డారట కదండీ?" అన్నాడు.

మాట సరిగ్గా రావడం లేదు, పళ్ళ సందుల్లోంచి గాలి పోతోంది. నెమ్మదిగా చెప్పాను.

"నేను అరుగు మీంచి పడలేదు. మరియదాసు పరంజా మీంచి పడలేదు. ఆ రోజు నేను మీతో చెప్పింది అబద్ధం, నేను కళ్ళారా చూశాను. శౌరయ్య కాలవలో పడలేదు. మూడూ రాసుకోండి. నేను సంతకం పెడతాను."

చాలాసేపు రాశాడు. సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. కేసు ఎటు పోతుందో నాకు తెలియదు. కిరీటికి చాలామంది ఉన్నారు.

ప్రసూన జావ కలిపి చెంచాతో పడుతోంది. ఆ కనుబొమ మచ్చ నా కళ్ళకు జానెడు దూరంలో ఉంది.

"ప్రసూనా, ఆ రోజు చెంబు జారలేదు" అన్నాను.

చెంచా ఆగింది.

"నాకు తెలియదుటండీ?" అంది. "మీరెప్పుడంటారా అని చూస్తున్నాను."